ఆ సమావేశంలో లేనివారెవరు?

2020 మార్చి 25. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన మొదటి రోజు. దిల్‌సుఖ్‌నగర్ గురించి తెలిసినవారికి అక్కడి హాస్టళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. కోచింగ్ కేంద్రాలను నమ్ముకొని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వచ్చిన వేలాది యువతీ యువకులకు చైతన్యపురి, గడ్డిఅన్నారం, కొత్తపేట సందుల్లోని ఆ ఇరుకు గదులే ఇళ్ళు. హాస్టళ్ళు మూతపడుతున్నాయన్న మాట పుట్టగానే ఆ పిల్లలందరూ సంచులు భుజాన వేసుకొని పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. స్వగ్రామాలకు వెళ్ళడానికి అనుమతి పత్రాలు కావాలి. పోలీసులు పత్రాలు ఇచ్చారు. వాటిని పట్టుకొని విజయవాడ రహదారిన బయలుదేరినవారు రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు దగ్గర ఆగిపోయారు. ఈ ప్రభుత్వం ఇచ్చిన పత్రం ఆ ప్రభుత్వానికి చెల్లలేదు. అంటువ్యాధిని తమ ఊళ్ళలోకి రానివ్వకూడదన్నది అవతలివారి భయం. ఆ భయమూ అన్యాయమైనది కాదు. రెండు రాష్ట్రాల నడుమ, ఆకలితో, దాహంతో, రోడ్డు మీద పిల్లలు గంటల తరబడి నిలబడ్డారు.

తరువాత రెండు ప్రభుత్వాల పెద్దలు ఫోనులో మాట్లాడుకొన్నారు. అనుమతి పత్రాలు ఇవ్వడం ఆపివేశారు. హాస్టళ్ళ నుంచి ఎవరినీ బయటికి పంపరాదని యజమానులకు ఆదేశాలు వెళ్ళాయి. సమస్య ఒక కొలిక్కి వచ్చింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పత్రం ఇచ్చినవాడు చెడ్డవాడు కాదు. ఆపినవాడూ చెడ్డవాడు కాదు. పిల్లల్ని పంపివేసిన హాస్టలు యజమానికి సైతం అతని భయాలు అతనికున్నాయి. లోపమల్లా ఒక్కటే. నిర్ణయం తీసుకొన్నప్పుడు ఆ నిర్ణయాన్ని స్వీకరించవలసినవాడు అక్కడ లేడు. సరిహద్దుకు అవతల ఉన్న అధికారిని ముందురోజే సంప్రదించి ఉంటే, ఆ పిల్లలు రోడ్డెక్కే పనే ఉండేది కాదు. దూరంగా ఉన్నవారితో మాట్లాడడానికి ఆనాడు సాధనం లేక కాదు. చేతిలో సాధనం ఉండి కూడా, ఎవరితో మాట్లాడాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

ఆపత్కాలంలో ప్రభుత్వాలు ఒకచోట కూర్చొనకుండా, తెరల మీద సమావేశాలు జరుపుకోవచ్చునా, కూడదా అనే చర్చ కోవిడ్ రోజుల్లో విస్తారంగా సాగింది. ఆ చర్చ ఇంకా ముగియలేదు. వరద రావచ్చు, మరో వ్యాధి రావచ్చు. అందుకే ఈ నెల మన ముచ్చటకు దీనిని ఎంచుకొన్నాము. ఇది అధికారుల విషయమే కదా, మన కుటుంబాలకేమిటి అని పాఠకులు అనుకోవద్దు. మన వీధిలోని మురుగు కాలువ, మన ఇంటి ముందరి నల్లా, మన బస్తీ దవాఖానా అన్నీ ఆ సమావేశాల్లోనే నిర్ణయమవుతాయి.

సంప్రదింపు అన్నది మనకు కొత్త మాట కాదు. దివ్యఖుర్ఆన్‌లోని 42వ సూరా పేరే ‘అష్షూరా’. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని ఆ సూరా వారి సుగుణాల్లో ఒకటిగా చెబుతుంది, అదీ నమాజు ప్రస్తావనకూ దానధర్మాల ప్రస్తావనకూ నడుమ. ఉహుద్ యుద్ధ సందర్భాన్ని ప్రస్తావించే ఆలి ఇమ్రాన్ సూరాలో దైవప్రవక్త (స)కు అనుచరులతో సంప్రదించమని ఆదేశం ఉంది. ఉహుద్‌కు ముందు అధికుల సలహా మేరకే ముస్లిములు ఊరు దాటి వెళ్ళి పోరాడారు, తీవ్రంగా నష్టపోయారు. అయినా సంప్రదింపు రద్దు కాలేదు. సలహా ఫలితం చేదుగా ఉన్నంత మాత్రాన సలహా అడిగే పద్ధతిని వదలివేయరాదని ఇందులో మనకు పాఠముంది.

అంటువ్యాధి వేళ జరిగిన సంప్రదింపుకు మన చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో సిరియా ప్రాంతంలో ‘అమ్వాస్’ ప్లేగు చెలరేగింది. అది హిజ్రీ శకం 17, 18 సంవత్సరాల నాటి మాట. ఆయన మదీనా నుంచి సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరుకొన్నారు. సేనానాయకులు ఎదురేగి, ముందు వ్యాధి ఉన్నదని తెలిపారు. ముందుకు సాగాలా, వెనుదిరగాలా? ఖలీఫా ఒంటరిగా నిర్ణయం తీసుకోలేదు. మొదట ముహాజిర్లను పిలిపించారు. వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. తరువాత అన్సార్లను పిలిపించారు. వారూ ఒక్కమాట మీద లేరు. ఆపైన ఖురైషు పెద్దల్ని పిలిపించారు. వారు ఏకకంఠంతో వెనుదిరగమన్నారు. ఖలీఫా తిరుగు ప్రయాణాన్ని ప్రకటించారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఆయనతో విభేదించారు, ఇది దైవ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా అని అడిగారు. ఖలీఫాను ముఖం మీద ప్రశ్నించే స్వేచ్ఛ ఆ సంప్రదింపులో ఉండింది. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఖలీఫా ఓర్పుగా సమాధానం చెప్పారు.

ఈ సంఘటనలో మనం తరచుగా గమనించకుండా వదిలివేసే అంశం ఆ తరువాతిది. ఇంత చర్చ జరుగుతున్నప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అక్కడ లేరు. ఏదో పనిమీద వెళ్ళి ఉన్నారు. తిరిగి వచ్చి విషయం విని, దీనిని గురించి దైవప్రవక్త (స) నోట తాను విన్న మాట ఉన్నదని చెప్పారు. వ్యాధి ఉన్న ప్రాంతానికి వెళ్ళవద్దని, మీరున్న చోట వ్యాధి వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని దాని సారాంశం. ఖలీఫా అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. మూడు బృందాల పెద్దలు కూర్చొని చర్చించారు. కాని తిరుగులేని జ్ఞానం ఆ సమయానికి అక్కడ లేని ఒక్క మనిషి దగ్గర ఉన్నది.

ఆ తరువాతి కథ కూడా దూరం నుంచి నడచిన పాలనే. మదీనాలో ఉన్న ఖలీఫాకూ వ్యాధి పీడిత ప్రాంతంలో సైన్యంతోపాటే ఉండిపోయిన అబూ ఉబైదా (రజి)కూ నడుమ ఉత్తరాలు నడిచాయని, సైన్యాన్ని పల్లపు ప్రదేశం నుంచి ఎత్తయిన చోటికి తరలించమని ఖలీఫా వ్రాశారని చరిత్రకారులు చెప్పారు. అబూ ఉబైదా (రజి) ఆ ప్లేగులోనే కన్నుమూశారు. ఎదురెదురుగా కూర్చొనడమే సంప్రదింపు అనుకొంటే ఆ ఉత్తరాలకు విలువ లేదు. ఆనాటి ఉత్తరం, ఈనాటి తెర రెండూ సాధనాలే. ఎవరిని అడిగాము, ఎవరి మాట విన్నాము అన్నదే అసలు విషయం.

ఈ పాఠం నాకు పుస్తకాల్లో కన్నా మా ఇంటి నీళ్ళ దగ్గర బాగా తెలిసి వచ్చింది. 2020 వేసవిలో రమజాన్ నెల. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గరలోని మా అపార్టుమెంటులో బోరు నీళ్ళు అడుగంటాయి. అసోసియేషన్ సభ్యులందరమూ ఎవరి ఇళ్ళలో వారుండి ఫోన్లలో సమావేశమయ్యాము. అరగంటలో తీర్మానం అయింది. మోటారు ఉదయం ఎనిమిది గంటలకు వేయాలి, అప్పటికి అందరూ లేచి ఉంటారు కనుక నీళ్ళు పట్టుకోవచ్చు. ఎంత చక్కగా, గొడవ లేకుండా జరిగిందో అని మమ్మల్ని మేమే మెచ్చుకొన్నాము. మూడవ నాడు మోటారు కాలిపోయింది. చుట్టుపక్కల భవనాల మోటార్లన్నీ తెల్లవారగానే నడుస్తాయి, ఆ తరువాత మా బోరులో నీళ్ళుండవు, సహరీ వేళలో వేస్తేనే అందుతాయి. ఈ సంగతి ఎరిగినవాడు ఒక్కడే, మా వాచ్‌మన్. అతని దగ్గర మామూలు ఫోను తప్ప మరొకటి లేదు. సమావేశానికి అతన్ని పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు. “నన్నొక్క మాట అడిగితే చెప్తుంటి గద సార్” అన్నాడతను. రిపేరు దుకాణాలు మూసి ఉన్న ఆ రోజుల్లో, ఉపవాసాలతో, ఇంటింటి స్త్రీలు రెండు రోజులు బిందెలు మోశారు. తీర్మానం చేసిన మేము మాత్రం ఆ భారం మోయలేదు.

మా అపార్టుమెంటులో జరిగింది చిన్న విషయం. నగర పాలనలో అయితే అదే లోపం కోటిమందిని తాకుతుంది. మన నగరపాలక మండలి కథనే చూద్దాం. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీలోని 150 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. ఎల్‌బీ నగర్ ప్రాంతంలోని లింగోజీగూడ నుంచి గెలిచిన ప్రతినిధి ప్రమాణస్వీకారం చేయకముందే కోవిడ్‌తో మరణించారు. 2021 ఫిబ్రవరి 11న కొత్త సభ్యులు ప్రమాణం చేసి మేయరుగా గద్వాల విజయలక్ష్మిని ఎన్నుకొన్న రోజున లింగోజీగూడ ప్రజల స్థానం ఖాళీగా ఉన్నది. అక్కడి ఉప ఎన్నిక 2021 ఏప్రిల్ 30న, రెండవ వేవ్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో జరిగింది. మన చట్టంలో తెర మీద ఓటు వేసే వీలు లేదు. ముఖాలకు గుడ్డలు కట్టుకొని ప్రజలు పోలింగు కేంద్రాలకు నడిచి వెళ్ళారు.

మే 12 నుంచి రాష్ట్రంలో మళ్ళీ లాక్‌డౌన్ విధించారు, జూన్ 20 నుంచి ఎత్తివేశారు. ఆ తరువాత జూన్ 29న నగరపాలక మండలి సర్వసభ్య సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. 2021-22 సంవత్సరానికి 5,600 కోట్ల రూపాయల బడ్జెటు ఆ సమావేశంలో ఆమోదం పొందింది. నూటయాభై మంది సభ్యుల్ని, వారితోపాటు పదవిరీత్యా సభ్యులైన శాసనసభ్యుల్ని, ఎంపీల్ని, అధికారుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టడం ప్రమాదమని ఒక వాదన. ఆ రోజుల్లో ప్రతి వీధిలో జనాజా నమాజులు చేసినవారికి ఆ వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో దుకాణాలన్నీ తెరచుకొన్నాక, ప్రజలంతా పనుల్లోకి వెళ్తున్నాక, ప్రజాప్రతినిధులు మాత్రం తెర చాటున ఎందుకని మరో వాదన. అదీ న్యాయమైన ప్రశ్నే.

ఆ ఏడాది నవంబరు 23న కొందరు కార్పొరేటర్లు, వారి అనుచరులు సర్వసభ్య సమావేశం జరపాలని కోరుతూ మేయరు కార్యాలయంలోకి చొరబడి వస్తువులు ధ్వంసం చేశారు. ప్రజల సొమ్మును పగులగొట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అయితే సమావేశాలు సకాలంలో, అందరూ మాట్లాడే విధంగా జరగనప్పుడు అసంతృప్తి తలుపులు పగులగొట్టే దాకా పోతుందన్న హెచ్చరిక కూడా అందులో ఉంది. డిసెంబరులో సభ్యులు ఎదురెదురుగా కూర్చొన్న సమావేశం జరిగింది.

తెర మీది సమావేశానికి ఉన్న మేలు, కీడు నిష్పక్షపాతంగా తూచి చూడవలసి ఉంది. మేలు స్పష్టమే. ప్రాణహాని తప్పుతుంది. హయత్‌నగర్ నుంచి ట్యాంక్‌బండ్ దగ్గరి ప్రధాన కార్యాలయానికి రాకపోకలకయ్యే సమయం మిగులుతుంది. చంటిబిడ్డ తల్లి అయిన సభ్యురాలు ఇంటి నుంచే తన డివిజను సమస్యను చెప్పగలుగుతుంది. మన నగరపాలక మండలిలో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించినవి కనుక ఇది చిన్న లాభం కాదు.

కీడు కొంచెం సూక్ష్మమైనది. సభలో ఒక సభ్యుడి నోరు మూయించాలంటే అందరి ముందూ మూయించాలి. తెర మీద ఒక మీట నొక్కితే చాలు. అతడు మాట్లాడుతున్నాడో లేదో కూడా ఇతరులకు తెలియదు. సభలో మూడవ వరుసలో కూర్చొన్న సభ్యుడు పక్కవాడి చెవిలో చెప్పిన మాట ఒక్కొక్కసారి తీర్మానాన్నే మార్చివేస్తుంది. తెరపై పక్కవాడు ఉండడు. ఇంకొక సంగతి. సభ్యురాలి పేరు తెరపై కనబడుతున్నంత మాత్రాన మాట్లాడుతున్నది ఆమేనా, పక్కన కూర్చొని ఆమెకు మాటలు అందిస్తున్నవారు ఎవరైనా ఉన్నారా అన్నది ఎవరికి తెలుస్తుంది? భార్య పదవిలో భర్త కూర్చొనే అలవాటు మన రాజకీయాల్లో ఎంత పాతదో పాఠకులకు తెలియనిది కాదు.

వ్యాపార సంస్థల విషయంలో మన దేశ చట్టం ఈ చిక్కుల్ని ముందే ఊహించింది. 2013 నాటి కంపెనీల చట్టం డైరెక్టర్లు వీడియో ద్వారా సమావేశమయ్యే వీలు కల్పించింది. 2014లో వచ్చిన నియమాల ప్రకారం సమావేశం మొదట్లో హాజరు పిలవాలి. ప్రతి డైరెక్టరు తన పేరు, తానున్న ప్రదేశం చెప్పాలి, చర్చనీయాంశాల పత్రాలు తనకు అందాయని, తానున్న చోట ఇతరులెవరూ సమావేశాన్ని వినడం లేదని ధ్రువపరచాలి. సమావేశాన్ని రికార్డు చేసి భద్రపరచాలి. వాటాదారుల సొమ్ముకు ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, ప్రజల సొమ్ము విషయంలో అంతకన్నా ఎక్కువ జాగ్రత్త ఉండవద్దా?

ఇతర దేశాల అనుభవం కూడా కొంత నేర్పుతుంది. ముస్లిం దేశమైన మాల్దీవుల పార్లమెంటు 2020 మార్చి 30న తెర మీద సమావేశమైంది. ఆ కొత్త పద్ధతికి ప్రపంచంలోనే ముందుగా మళ్ళిన చట్టసభల్లో అది ఒకటి. వందలాది దీవుల్లో చెదరి ఉన్న ప్రజలకు దూరం కొత్త కాదు. బ్రిటన్ దిగువ సభ ఏప్రిల్ 22న కొందరు సభలో, కొందరు తెరపై ఉండి పనిచేసింది. ఇంగ్లండులో స్థానిక సంస్థలు దూరం నుంచి సమావేశమవడానికి అనుమతి ఇస్తూ ప్రత్యేక నియమాలు చేశారు. ఆ గడువు 2021 మే 7తో ముగిసింది. గడువు దాటిన తరువాత పాత చట్టం క్రింద అలా జరుపుకోవడం కుదరదని అక్కడి హైకోర్టు ఏప్రిల్ 28నే తీర్పు చెప్పింది. సమావేశం అంటే మనుషులు ఒకచోట చేరడమేనని ఆ చట్టం అర్థమన్నది. ఆపద్ధర్మానికి ఒక ఆరంభం, ఒక ముగింపు చట్టంలోనే వ్రాసి ఉంచడం అక్కడ మెచ్చదగిన అంశం.

మన దేశంలో ఒక్కొక్క వ్యవస్థ ఒక్కొక్క దారి పట్టింది. తెలంగాణ హైకోర్టు వీడియో ద్వారా వాదనలు విన్నది. కోవిడ్ పరీక్షల విషయమై రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆ విధంగానే నిలదీసింది. ప్రధానమంత్రి ముఖ్యమంత్రులతో పలుమార్లు తెర మీద మాట్లాడారు. పార్లమెంటు స్థాయీసంఘాలకు మాత్రం గోప్యతా నియమాల కారణంగా ఆ వీలు దొరకలేదు. 2020 సెప్టెంబరు 14న మొదలైన పార్లమెంటు సమావేశాల్లో సభ్యులు రెండు సభల్లోనూ, గ్యాలరీలలోనూ విడివిడిగా కూర్చొన్నారు. ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసివేశారు. ఇది గమనించండి. సభ్యులు శరీరాలతో హాజరై ఉన్నారు. కాని ప్రశ్నకు చోటు లేదు. అంటే ఒకే కప్పు క్రింద కూర్చొన్నంత మాత్రాన సంప్రదింపు పూర్తయినట్టు కాదు. తెర ఉన్నా లేకపోయినా ప్రశ్న ఉండాలి.

ఇప్పటివరకు చెప్పిందంతా అంటువ్యాధి గురించి. వరద వేరు. ఈ తేడా ఎల్‌బీ నగర్, సరూర్‌నగర్ ప్రజలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2020 అక్టోబరు 13న కురిసిన వాన మనం మరచిపోలేనిది. నగరానికి తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. సరూర్‌నగర్ చెరువుకు దిగువనున్న కాలనీల్లోకి నీరు పోటెత్తింది. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి పాతనగరంలోని హాఫిజ్‌బాబానగర్ ఇళ్ళు మునిగిపోయాయి. కోవిడ్ మనుషుల్ని విడదీసింది గాని కరెంటు తీయలేదు, ఫోన్లు ఆపలేదు. వరద ముందుగా వాటినే తీసుకొంటుంది. నడుములోతు నీళ్ళలో, చీకటి ఇంట్లో, ఛార్జింగు అయిపోయిన ఫోను పట్టుకొని మేడమీద కూర్చొన్న కుటుంబం ఏ వీడియో సమావేశంలోకి రాగలదు? పొడి నేల మీద ఉన్న అధికారులు ఒకరికొకరు కనబడతారు. మునిగిన కాలనీ తెరపై కనబడదు. సమావేశం ఎంత సాఫీగా సాగితే అంత మోసపోయే ప్రమాదం ఉంది, ఫిర్యాదు చేయవలసినవారే అందులో లేరు కనుక.

ఆ వరద తరువాత ప్రభుత్వం బాధిత కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు స్త్రీలు తెల్లవారుజాము నుంచి బారులు తీరారు. నగర ఎన్నికల నియమావళి కారణంగా నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీని ఆపివేయించింది. బారుల్లో నిలబడినవారు ఖాళీ చేతులతో ఇళ్ళకు వెళ్ళారు. నియమం సరైనదే కావచ్చు. సాయం తేదీ ఒకచోట, ఎన్నికల తేదీ మరొకచోట నిర్ణయమైనప్పుడు, ఆ రెండింటి మధ్య నలిగే మనిషి మాట ఎక్కడ వినబడింది? గరికపాడు దగ్గర ఆగిన పిల్లల కథే మళ్ళీ, ఈసారి మన వీధిలో.

హైదరాబాదు పాత అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ విపత్తును తానే వచ్చి చూశారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. ఆయన సూచనల నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. కళ్ళతో చూడడం, తరువాత నిపుణుణ్ణి అడగడం, ఆపైన కట్టడం అన్న క్రమం అందులో ఉంది. తెర ఈ మూడింటిలో రెండవదానికి బాగా పనికివస్తుంది. మొదటిదానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

కనుక ఆపత్కాలపు సమావేశాలకు కొన్ని కట్టుబాట్లు అవసరమని మా అభిప్రాయం. మొదటిది, ఆపద రాకముందే చట్టంలో వీలు ఉండాలి. ఎప్పుడు మొదలు, ఎప్పటితో ముగింపు అన్నది అందులోనే ఉండాలి. దుకాణాలు తెరచిన తరువాత సభ మూసి ఉండరాదు. రెండవది, సభ్యుడి మాటను ఆపే మీట అధ్యక్షుడి చేతిలో ఉంటే, దానిని ఎప్పుడు నొక్కారో, ఎందుకు నొక్కారో రికార్డులో ఉండాలి. మూడవది, ఓటు పేరుపేరునా జరగాలి, ఆ సమావేశం ప్రజలందరూ చూసే విధంగా ప్రసారం కావాలి. నాలుగవది, తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ మాట్లాడే వీలు ఉండాలి. ఐదవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ విపత్తు ఏ బస్తీని తాకిందో ఆ బస్తీ నుంచి ఒక్కరైనా ఆ సమావేశంలో మాట్లాడాలి. ఫోను లేకపోతే వార్డు కార్యాలయంలో ఒక గది, ఒక తెర ఏర్పాటు చేయాలి. అదీ వీలు కాకపోతే అధికారి పడవలో వెళ్ళి వారి మాట విని వచ్చి సభకు చెప్పాలి. అది చెప్పనిదే తీర్మానం పెట్టరాదు.

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని. మనం చేయవలసింది మన ఇళ్ళలోనే ఉన్నది. ఈనాడు మన కుటుంబాలు కూడా తెరల మీదనే సంప్రదించుకొంటున్నాయి. కుమారుడు రియాదులో, కుమార్తె అత్తవారింట కర్నూలులో, అమ్మ ఎల్‌బీ నగర్‌లో. అమ్మకు ఆపరేషను చేయించాలా, ఇల్లు అమ్మాలా, చెల్లి నికాహ్ ఎక్కడ కుదుర్చుకోవాలా అన్నవి ఫోనులోనే నిర్ణయమవుతున్నాయి. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ అమ్మ పక్క గదిలో తస్బీహ్ చేసుకొంటూ ఉంటుంది. ఎవరి పెళ్ళో ఆ చెల్లి వంటింట్లో ఉంటుంది. ఫోను పట్టుకొన్నవారిలో ఏకాభిప్రాయం కుదిరితే పని అయిపోయిందని సంతోషిస్తాము. మా వాచ్‌మన్ దగ్గర ఉన్నట్టే, అసలు తెలియవలసిన మాట ఆ పక్క గదిలో ఉండవచ్చు.

ఇకమీదట ఇంట్లో ఏ సంప్రదింపు జరిగినా, ఫోను పెట్టివేయడానికి ముందు పెద్దవారు ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకొంటే బాగుంటుంది. ఈ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వారు మాట్లాడారా? మాట్లాడకపోతే ఫోను వారి చేతికివ్వండి. పిల్లలు వింటూ పెరుగుతారు. వారిలో ఎవరో ఒకరు రేపు ఏ మండలిలోనో కూర్చొన్నప్పుడు, తీర్మానం మీద సంతకం చేయడానికి ముందు అదే ప్రశ్న అడుగుతారు, ఇన్‌షా అల్లాహ్.